ఐఆర్ఎస్ ఉచిత ఫారాల సేవ: మనకు ఏ ఫారం కావాలో చెబుతుందా?

అమెరికా ఫెడరల్ ఆదాయపు పన్నుకు ఏ ఫారం కావాలన్నా అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైటు ఐఆర్ఎస్ డాట్ గవ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఫారాలు, వాటి సూచనల పుస్తకాలు, ప్రశ్నలు వేసి జవాబు చెప్పే ఇంటరాక్టివ్ ట్యాక్స్ అసిస్టెంట్, ఆన్‌లైన్‌లోనే నింపి పంపే ఫ్రీ ఫైల్ ఫిల్లబుల్ ఫారమ్స్... వీటన్నిటినీ ఒకే సేవగా చూస్తూ, 2025 ఆదాయానికి 2026లో రిటర్న్ వేసేవాళ్ల కోసం రాసిన సమీక్ష ఇది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఫారం నంబరు తెలిసినవాళ్లకు దీన్ని మించిన చోటు లేదు. నంబరు తెలియనివాళ్లను, అందులోనూ వీసా మీద ఉన్నవాళ్లను, ఇండియాలో ఖాతాలున్నవాళ్లను, కొత్తగా ఎల్ఎల్‌సి (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టినవాళ్లను ఇది సగం దారిలో వదిలేస్తుంది.

"నాకు డబ్ల్యూ-2 వచ్చింది కాబట్టి 1040 వేస్తాను" అని చాలామంది మొదలుపెడతారు. డబ్ల్యూ-2 అంటే కంపెనీ ఇచ్చే ఏడాది జీతం పత్రం, 1040 అంటే వ్యక్తుల ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం. ఫారాన్ని తేల్చేది డబ్ల్యూ-2 కాదు. పన్ను చట్టం దృష్టిలో మీరు రెసిడెంటా కాదా, మీ వ్యాపారాన్ని ఆ చట్టం ఏ రకంగా లెక్కేస్తోంది, అమెరికా బయట మీకు ఏమేమున్నాయి, ఈ మూడూ ముందు తేలాలి. అవి తేలితే మిగతా కాగితాలు వాటి వెంటే వస్తాయి. సైటులో ఈ మూడింటికీ జవాబులున్నాయి, కాకపోతే ఒక్కొక్కటీ ఒక్కో మూలన ఉంది.

సైటు వాడకంలో తెలిసి ఉండాల్సినవి కొన్ని. చిరునామాలో ఐఆర్ఎస్ డాట్ గవ్ తర్వాత స్లాష్ పెట్టి, ఫారం అనే మాట, దాని పక్కనే ఖాళీ లేకుండా నంబరు కొడితే నేరుగా ఆ ఫారం పేజీ వస్తుంది. సెర్చింజన్‌లో వెతికితే పైన కనిపించే డాట్ కామ్‌లు ప్రభుత్వానివి కావు. ఫారం పేజీలో "ఇటీవలి మార్పులు" అన్న భాగాన్ని ముందు చదవాలి. పుస్తకం అచ్చయ్యాక దొరికిన తప్పుల సవరణలు పెట్టేది అక్కడే. 1040 లాంటి వాటి మీద సంవత్సరం ఉంటుంది, అది మీ ఆదాయపు సంవత్సరమే అయి ఉండాలి. డబ్ల్యూ-7, ఎస్ఎస్-4, 2553 లాంటి వాటి మీద సంవత్సరం బదులు సవరించిన నెల ఉంటుంది, అన్నిటికంటే తాజాది తీసుకోవాలి. డ్రాఫ్ట్ అని ముద్ర ఉన్న ప్రతులు సైటులోనే దొరుకుతాయి, వాటిని నింపి పంపకూడదు. పీడీఎఫ్‌ను బ్రౌజర్‌లో నింపితే సేవ్ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ముందు కంప్యూటర్‌లోకి దించుకుని అక్రోబాట్ రీడర్‌లో తెరవడం మేలు. కాగితం మీద పంపేవాళ్లు ప్రతి షెడ్యూలుకూ (1040కు జోడించే అనుబంధ పత్రానికి) కుడివైపు పై మూలన చిన్న అక్షరాల్లో ఉన్న అటాచ్‌మెంట్ సీక్వెన్స్ నంబరు చూసుకోవాలి. షెడ్యూల్ ఏ మీద 07, బి మీద 08, సి మీద 09, ఎస్ఈ మీద 17 ఉంటాయి. 1040 వెనుక ఆ వరుసలోనే పేర్చాలి.

ఇక అసలు చిక్కు మొదటి ప్రశ్న దగ్గరే ఉంది. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు 1040 వేస్తారు. 65 దాటినవాళ్లకు పెద్ద అక్షరాల 1040-ఎస్ఆర్ ఉంది, లెక్క ఒకటే. పాత 1040-ఏ, 1040-ఈజీలు 2018 నుంచి లేవు, ఎవరైనా వాటి పేరు చెబితే ఆ సలహా పాతదని అర్థం. వీసా మీద ఉన్నవాళ్లు రోజులు లెక్కపెట్టుకోవాలి. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండి, ఈ ఏడాది రోజులు పూర్తిగా, నిరుటివి మూడో వంతు, ముందటేడువి ఆరో వంతు కలిపితే 183 వస్తే రెసిడెంట్. ఎఫ్-1 విద్యార్థులకు మాత్రం మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు లెక్కలోకి రావు. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా అది ఒక సంవత్సరమే. 2021 ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చినవాళ్లకు 2021 నుంచి 2025 వరకు అన్నీ ఆ ఐదేళ్ల కిందికే వస్తాయి. ఓపీటీలో (ఎఫ్-1 మీదే పనిచేసే అనుమతితో) ఉద్యోగం చేస్తూ ఎంత జీతం తీసుకున్నా 2025కు వాళ్లు నాన్ రెసిడెంట్లే, ఫారం 1040-ఎన్ఆర్. ఈ రోజులు మినహాయింపులో ఉన్నాయని తెలిపే ఫారం 8843 దానికి జోడించాలి. ఆదాయమే లేని విద్యార్థి కూడా 8843 ఒక్కటైనా జూన్ 15 లోపు పంపాలి.

2025 అక్టోబరు 1న ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మారినవాళ్ల సంగతి చూడండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు కలిపి 92 రోజులు. అంతకుముందు రోజులు ఐదేళ్ల మినహాయింపులో ఉంటే లెక్కలోకి రావు కాబట్టి 183 నిండవు. చేతిలో హెచ్-1బి ఉన్నా ఆ సంవత్సరానికి మామూలుగా 1040-ఎన్ఆరే. ఇక్కడ జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో 1040 నింపేస్తారు, అది చదువుల క్రెడిట్ కూడా ఇచ్చి పెద్ద రిఫండ్ చూపిస్తుంది. తర్వాత 1040-ఎక్స్‌తో సవరించి ఆ డబ్బు వెనక్కి కట్టాల్సి వస్తుంది. మరోవైపు మనవాళ్లలో తమకు న్యాయంగా రావాల్సినది పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. నాన్ రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపకుండానే ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) ఉండదు, కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం రెండో క్లాజు వల్ల భారతీయ విద్యార్థులకు అది ఉంది. 2025కు ఒంటరివాళ్లకు 15,750 డాలర్లు. డిడక్షన్ లైను పక్క ఖాళీలో ఒప్పందం పేరు రాయాలి. అలాగే నాన్ రెసిడెంట్ విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసేస్తే ముందు కంపెనీని అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే ఫారం 843కి 8316 జోడించి ఐఆర్ఎస్‌ను అడగాలి.

ఇదంతా పబ్లికేషన్ 519లో చక్కగా ఉంది. విదేశీయుల పన్నుకు అంతకన్నా నమ్మదగిన పుస్తకం ఉచితంగా ఎక్కడా దొరకదు. అసిస్టెంట్ మాత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. దాని ప్రశ్నావళులు చాలావరకు, ఏడాది పొడవునా పౌరులు లేదా రెసిడెంట్లుగా ఉన్నవాళ్ల కోసమేనని మొదట్లోనే రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని దాటేసి జవాబులిస్తూ పోతే చివర్లో వచ్చే ఫలితం ఇంకెవరికో వర్తించేది. ఫైలింగ్ స్టేటస్, పిల్లల క్రెడిట్, రిటర్న్ వేయాలా వద్దా లాంటి ప్రశ్నలకు పూర్తి ఏడాది రెసిడెంట్లు దాన్ని నిశ్చింతగా వాడొచ్చు.

పెళ్లయి, భార్య గానీ భర్త గానీ ఏడాది చివర్లో హెచ్-4 (హెచ్-1బి ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చి ఉంటే ఇంకో తిరకాసు. ఇద్దరినీ ఏడాదంతా రెసిడెంట్లుగా లెక్కించమని కోరి ఉమ్మడి రిటర్న్ వేయొచ్చు. 31,500 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది. ఈ కోరికకు ఫారం నంబరంటూ లేదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టి జోడించాలి. ఫారాల జాబితాలో ఎంత వెతికినా దొరకనిది ఇదే. కానీ ఒప్పుకున్నాక ఇద్దరి ప్రపంచవ్యాప్త ఆదాయమూ చూపాలి, అంటే రాకముందు హైదరాబాదులో తీసుకున్న జీతం కూడా. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని భాగస్వామికి డబ్ల్యూ-7తో ఐటిన్ (ఆ నంబరు రానివాళ్లకిచ్చే పన్ను గుర్తింపు నంబరు) అడగాలి. అందులో కారణం గడుల దగ్గర "వీసా" అన్న మాట చూసి చాలామంది "జి" టిక్ పెడతారు. అది నాన్ రెసిడెంట్ మీద ఆధారపడినవాళ్లది. భర్త పన్ను లెక్కలో రెసిడెంటయితే భార్యకు "ఇ", పిల్లలకు "డి". పాస్‌పోర్టు అసలుది గానీ, జారీ చేసిన కార్యాలయం ధ్రువీకరించిన నకలు గానీ కావాలి, నోటరీ నకలు చెల్లదు. డబ్ల్యూ-7ను రిటర్న్ పైన పెట్టి, 1040 మామూలు చిరునామాకు కాకుండా డబ్ల్యూ-7 సూచనల్లో ఉన్న ఆస్టిన్ చిరునామాకు పంపాలి. పాస్‌పోర్టు పోస్టులో పెట్టడం ఇష్టం లేకపోతే సర్టిఫైయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంటు దగ్గర చూపించొచ్చు. ఇండియాలో ఉంటున్న అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నా వాళ్లను డిపెండెంట్లుగా చూపడం కుదరదు.

పూర్తి రెసిడెంట్ల 1040 విషయంలో సైటు బాగా సాయపడుతుంది కాబట్టి ఎక్కువ చెప్పాల్సింది లేదు. వ్యాపారం, అద్దె లాంటి ఆదాయాలు షెడ్యూల్ 1కి, అదనపు పన్నులు షెడ్యూల్ 2కి, చాలా క్రెడిట్లు షెడ్యూల్ 3కి వెళ్తాయి. ఓవర్‌టైమ్, టిప్పులు, కారు లోను వడ్డీ, 65 దాటినవాళ్ల కొత్త తగ్గింపులకు 2025 నుంచి షెడ్యూల్ 1-ఏ వచ్చింది. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో ఆరోగ్య ఇన్సూరెన్స్ కొని 1095-ఏ వచ్చినవాళ్లు 8962 మరిచిపోకూడదు, అది లేకపోతే రిటర్న్ ఆగిపోతుంది.

ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది షేర్ల అమ్మకాలు చూపే 8949 దగ్గర. ఆర్ఎస్‌యూలు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) 100, ఒక్కోటి 50 డాలర్ల ధర ఉన్నప్పుడు వెస్టయ్యాయి, అంటే మీ సొంతమయ్యాయి అనుకుందాం. ఆ 5,000 అప్పటికే డబ్ల్యూ-2లో కలిసి పన్ను పడింది. వాటిని 52 చొప్పున అమ్మితే నిజమైన లాభం 200. బ్రోకరు పంపే 1099-బిలో అమ్మకం 5,200, కొన్న ధర దగ్గర సున్నా ఉండటం మామూలే. దాన్ని అలాగే ఎక్కిస్తే ఒకే డబ్బుకు రెండోసారి పన్ను. ఆ సున్నా ఐఆర్ఎస్‌కు కూడా తెలిపినట్టు 1099-బిలో ఉంటే, 8949లో దాన్ని అలాగే రాసి, ఎఫ్ గడిలో "బి" కోడు, జి గడిలో మైనస్ 5,000, హెచ్ గడిలో 200 వేయాలి. తెలపలేదని ఉంటే ధర గడిలోనే నేరుగా 5,000 వేయొచ్చు. సరైన ధర బ్రోకరు విడిగా ఇచ్చే సప్లిమెంటల్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది.

ఇండియా ఆస్తుల దగ్గర ఈ సేవలోని పెద్ద లోటు బయటపడుతుంది. షెడ్యూల్ బి మూడో భాగంలో విదేశీ ఖాతా ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది, అక్కడ "అవును" అన్నాక ఎన్ని దారులు తెరుచుకుంటాయో ఒకచోట చెప్పేవారు లేరు. మీ పేరున ఉన్న విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. అది ఐఆర్ఎస్ సైటులో ఉండదు, ఆర్థిక నేరాలపై నిఘా పెట్టే ప్రభుత్వ విభాగం ఫిన్‌సెన్ వారి బీఎస్ఏ ఈ-ఫైలింగ్‌లో ఫారం 114గా, రిటర్న్‌తో సంబంధం లేకుండా వెళ్తుంది. విదేశీ ఆర్థిక ఆస్తులు చూపే ఫారం 8938 దీనికి బదులు కాదు, అదనం. అమెరికాలో ఉండేవాళ్లకు దాని హద్దు ఒంటరికైతే ఏడాది చివర 50,000 లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000, ఉమ్మడి రిటర్న్‌కు 1,00,000 లేదా 1,50,000. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికా రెసిడెంటుకు ఇక్కడ ఉంది. ఇండియాలో కట్టిన పన్నుకు 1116తో క్రెడిట్ తీసుకోవాలి, కాకపోతే అక్కడి లెక్క ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జనవరి నుంచి డిసెంబరు కాబట్టి వడ్డీని, టీడీఎస్‌ను నెలలవారీగా విడదీసుకోవాలి. అద్దెకిచ్చిన కూకట్‌పల్లి ఫ్లాటు షెడ్యూల్ ఇ లోకి వస్తుంది. 2017 తర్వాత అద్దెకు పెట్టిన విదేశీ ఇంటికి తరుగుదల 30 ఏళ్లకు లెక్కేస్తారు, ఇక్కడి ఇళ్లలా 27.5 ఏళ్లకు కాదు. ఇండియా మ్యూచువల్ ఫండ్లు ఉంటే ఒక్కో స్కీముకు ఒక్కో 8621. ఐదు సిప్‌లుంటే ఐదు ఫారాలు. ఏడాది చివర మొత్తం విలువ 25,000 లోపు, ఉమ్మడికి 50,000 లోపు ఉండి, ఆ ఏడాది ఏదీ అమ్మకుండా, పెద్ద పంపిణీ తీసుకోకుండా ఉంటే సాధారణంగా దీని నుంచి మినహాయింపు ఉంది. అమ్మానాన్నల నుంచి ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి కానుకగా వస్తే 3520. పన్ను లేదు, చెప్పకపోతే జరిమానా మాత్రం నెలకు 5 శాతం చొప్పున 25 శాతం వరకు పెరుగుతుంది.

చిన్న వ్యాపారాల్లో గందరగోళమంతా ఎల్ఎల్‌సి అన్న మాట చుట్టూనే తిరుగుతుంది. ఎల్ఎల్‌సి రాష్ట్రం ఇచ్చే హోదా, ఫెడరల్ పన్నులో ఆ పేరున రిటర్న్ ఫారమే లేదు. ఒక్కరే యజమాని అయితే ఏమీ కోరనంతవరకు అది లేనట్టే లెక్క, మీ 1040లో షెడ్యూల్ సి. ఇద్దరుంటే పార్ట్‌నర్‌షిప్, ఫారం 1065, ఒక్కొక్కరికీ వారి వాటా చూపే కె-1. 8832 వేస్తే కార్పొరేషన్, ఫారం 1120. 2553 వేస్తే ఎస్ కార్పొరేషన్ (లాభం యజమానుల రిటర్న్‌లలోకి వెళ్లే రకం), 1120-ఎస్. ఈ నాలుగు వాక్యాలు పబ్లికేషన్ 3402లో ఉన్నాయి, ఎల్ఎల్‌సి పెట్టే రోజే దాన్ని చదవాలి.

భార్యాభర్తలిద్దరే ఎల్ఎల్‌సి యజమానులైతే ఎక్కడ ఉంటున్నారన్నది కూడా చూడాలి. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో దాన్ని ఒక్కరి వ్యాపారంలా షెడ్యూల్ సిలో చూపే వీలుంది. న్యూజెర్సీలో ఆ వీలు లేదు, 1065 తప్పదు. డాలస్‌లో ఉన్న బంధువు చెప్పిన సలహా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. 1065కూ 1120-ఎస్‌కూ గడువు మార్చి 15, 2026లో అది ఆదివారం కాబట్టి 16. ఏప్రిల్ 15 అనుకుని కూర్చుంటే ఒక్కో భాగస్వామికి నెలకు 200 డాలర్లకు పైగా, 12 నెలల వరకు జరిమానా పడుతుంది. వ్యాపారంలో లాభం లేకపోయినా పడుతుంది. ఆలస్యమయ్యేట్టుంటే 7004 వేస్తే ఆరు నెలలు దొరుకుతాయి.

ఇంటి నుంచి పచ్చళ్లు, పిండివంటలు అమ్మే, హెచ్-4 మీద ఈఏడీ (పని చేసుకునే అనుమతి) ఉన్న గృహిణికి 10,000 డాలర్ల నికర లాభం వచ్చిందనుకోండి. షెడ్యూల్ సి, దాంతోపాటు సొంత వ్యాపారుల సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను లెక్కేసే షెడ్యూల్ ఎస్ఈ. 10,000లో 92.35 శాతం 9,235, దాని మీద 15.3 శాతం అంటే దాదాపు 1,413. ఇది మామూలు ఆదాయపు పన్నుకు అదనం. ఇందులో సగం షెడ్యూల్ 1లో తగ్గించుకోవచ్చు. లాభంలో ఆ 92.35 శాతం 400 లేదా అంతకు మించి ఉంటేనే ఎస్ఈ మొదలవుతుంది. రిటర్న్ ఉమ్మడిదే అయినా ఈ రెండు షెడ్యూళ్లు ఆమె పేరు, ఆమె సోషల్ సెక్యూరిటీ నంబరుతోనే వెళ్లాలి. భర్త నంబరు వేస్తే ఆమె కష్టపడి కట్టిన సోషల్ సెక్యూరిటీ ఆయన ఖాతాలో జమవుతుంది. ఈ పన్నును ఎవరూ ముందుగా కోయరు కాబట్టి 1040-ఇఎస్‌తో ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, జనవరి 15 వాయిదాల్లో కట్టాలి, లేదా భర్త డబ్ల్యూ-4 మార్చి జీతంలోంచి ఎక్కువ కోయించుకోవాలి. రెండో దారి తేలిక. ఇంట్లో ఒక గది పూర్తిగా వ్యాపారానికే వాడితే, ఆ గది ఖర్చులు లెక్కేసే 8829 బదులు చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున 300 అడుగుల వరకు తగ్గించుకునే సులువు పద్ధతి షెడ్యూల్ సిలోనే ఉంది.

ఎస్ కార్ప్ పెడితే పన్ను మిగులుతుందని విని ముందూ వెనకా చూడకుండా 2553 వేస్తున్నారు. దానికి పన్ను సంవత్సరం మొదలైన 2 నెలల 15 రోజుల్లోపు గడువు. యజమానికి న్యాయమైన జీతం, జీతాల పన్నులకు ప్రతి మూడు నెలలకు 941, ఏడాదికి 940, డబ్ల్యూ-2 అన్నీ మొదలవుతాయి. చిన్న లాభానికి ఈ ఖర్చు గిట్టదు. నాన్ రెసిడెంట్ ఎవరూ ఇందులో వాటాదారుగా ఉండకూడదు. హైదరాబాదులో ఉన్న తమ్ముడి పేరున 10 శాతం రాసినా ఎస్ హోదా చెల్లదు.

ఇండియాలోనే ఉండి ఒక్కరే యజమానిగా డెలావేర్‌లోనో వ్యోమింగ్‌లోనో ఎల్ఎల్‌సి తెరిచేవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. పన్ను కట్టాల్సింది సున్నా అయినా, యజమాని పెట్టుబడిగా పెట్టిన డబ్బే చూపాల్సిన లావాదేవీ అవుతుంది. పేరూ చిరునామా మాత్రం నింపిన 1120కి ఫారం 5472 జోడించి, ఏప్రిల్ 15 లోపు పోస్టులో గానీ ఫ్యాక్సులో గానీ పంపాలి. వదిలేస్తే జరిమానా 25,000 డాలర్లు. కంపెనీ తెరిచిపెట్టే ఏజెంట్లు ఈ మాట చెప్పరు, ఐఆర్ఎస్ సైటులో ఇది 5472 సూచనల లోపల ఉంటుంది తప్ప ఈఐఎన్ (వ్యాపారానికిచ్చే పన్ను గుర్తింపు నంబరు) పేజీలో హెచ్చరికగా కనిపించదు. ఇది మార్చాలి. ఈఐఎన్ ఎప్పుడూ ఉచితమే. సోషల్ సెక్యూరిటీ నంబరు, ఐటిన్ రెండూ లేనివాళ్లకు ఆన్‌లైన్ దారి లేదు, ఎస్ఎస్-4 నింపి ఫ్యాక్స్ చేయొచ్చు.

ఇక నింపి పంపడం. 2025లో మొత్తం సర్దుబాటు ఆదాయం 89,000 డాలర్ల లోపు ఉంటే ఫ్రీ ఫైల్ భాగస్వాముల సాఫ్ట్‌వేర్ ఉచితం, అది ప్రశ్నలు అడిగి ఫారం ఎంచుతుంది. ఐఆర్ఎస్ సొంతంగా నడిపిన డైరెక్ట్ ఫైల్ 2024లో 12 రాష్ట్రాల్లో మొదలై 2025లో 25కు పెరిగింది, ఈ సీజనుకు లేదు. ఫిల్లబుల్ ఫారమ్స్‌కు ఆదాయ పరిమితి లేదు, కానీ అది కాగితం ఫారమే తెర మీద ఉన్నట్టు. కూడికలు, తీసివేతలు చేస్తుంది, అవీ "డూ ద మ్యాథ్" నొక్కినప్పుడే. ఏ షెడ్యూలు కావాలో అడగదు, ఎంచుకుని జోడించడం మీ పని. 1040-ఎన్ఆర్‌కు పనికిరాదు, స్టేట్ రిటర్న్ ఉండదు, పంపేశాక సవరణ అక్కడ కుదరదు. సంతకం కింద నిరుటి రిటర్న్‌లోని 11వ లైను అంకె అడుగుతుంది. అది కలవకపోతే ఐఎన్‌డీ-031-04 అనే కోడుతో తిప్పికొడుతుంది. నిరుటి రిటర్న్ ఇంకా ప్రాసెస్ కాకపోయినా, ఇదే మొదటిసారి అయినా అక్కడ సున్నా వేయాలి. ఫారాలు చదవడం అలవాటున్న 1040 కుటుంబానికి దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాం, మొదటిసారి వేసేవాళ్లకు చేయం.

భాష విషయంలో ఒక మాట. షెడ్యూల్ ఎల్ఈపీ నింపి ఐఆర్ఎస్ ఉత్తరాలు ఏ భాషలో కావాలో కోరుకోవచ్చు. ఆ జాబితాలో గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు సంఘాలు దీన్ని అడగాలి, అడిగేంతమంది ఇక్కడ ఉన్నారు.

8621, 5472, ఏడాది మధ్యలో మారిన రెసిడెన్సీ, ఎస్ కార్ప్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సొంతంగా వేయకుండా ఎన్రోల్డ్ ఏజెంటునో (ఐఆర్ఎస్ గుర్తింపు ఉన్న పన్ను నిపుణులు) సీపీఏనో చూసుకోవడం మంచిది. అర్హతలున్నవాళ్ల జాబితా ఐఆర్ఎస్ సైటులో జిప్ కోడువారీగా ఉంది. "మీరు ఈ ఫారాలు ఎప్పుడైనా వేశారా" అని నంబరు చెప్పి మరీ అడగండి. ఏప్రిల్ 15కు కుదరకపోతే 4868 వేస్తే అక్టోబరు 15 వరకు టైమొస్తుంది, అయితే అది ఫారానికే. కట్టాల్సిన డబ్బు అంచనా వేసి ఏప్రిల్‌లోనే కట్టేయాలి, లేకపోతే వడ్డీ నడుస్తుంది. రిటర్న్ తయారుచేసి డబ్బు తీసుకున్నవాళ్లు దాని మీద సంతకం పెట్టి తమ పీటిన్ (రిటర్న్‌లు తయారుచేసేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే) నంబరు వేయాలి. ఆ గడి ఖాళీగా వదిలి "మీరే వేసినట్టు పెట్టుకోండి" అంటే ఆ కాగితం తీసుకోకుండా వచ్చేయండి.